మూడో జాడీకి ఏటి చేప

రుచి విషయంలో మా బాపు జన్మలో అబద్ధమాడలేదు. మిగతా విషయాల్లో ఆడేవాడు. పట్వారీతో ఆడేవాడు, చావిడి దగ్గర సిపాయితో ఆడేవాడు, మా అమ్మ బతికున్న రోజుల్లో ఆమెతోనూ ఆడేవాడు. కూరలో ఉప్పెక్కువైతే మాత్రం, వండింది సాక్షాత్తూ దొరసాని అయినా సరే, ఎక్కువైందనే అనేవాడు. ఆ గుణాన్ని ఊళ్లో అందరూ మెచ్చుకునేవారు. నేను మాత్రం మెచ్చుకోలేను. దానివల్ల మా ఇంటి మీదికి ఏమొచ్చిందో నాకు తెలుసు.

మాది నల్లగొండ, పాలమూరు జిల్లాలు కలిసే చోట ఒక మెట్ట ఊరు. జొన్న, ఆముదం, కంది తప్ప పెద్దగా ఏమీ పండేది కాదు. వానాకాలం నాలుగు నెలలు పారి ఎండిపోయే వాగు ఒకటుండేది. కృష్ణ మా ఊరికి దక్షిణాన, నల్లమల అడవి దాటి రెండు రోజుల నడక. మా వైపు దాన్ని ఉత్త ఏరు అనే అంటారు.

బాపు నేరేడు పండ్లతో ఎర్రని మందు చేసేవాడు. ఇంట్లో నేరేడు కల్లు అనేవాళ్లం. పేరుకే కల్లు, అది చెట్టు నుంచి గీసేది కాదు. దొరగారి తాత ఎప్పుడో పట్నంలో ఏ నవాబు ఇంట్లోనో ద్రాక్ష షరాబు తాగి, అలాంటిది తన గడీలో కూడా ఉండాలని పట్టుబట్టాడట. మా నేలలో ద్రాక్ష ఎక్కడిది? మా ముత్తాత నేరేడు పండ్లు పిసికి, బెల్లం వేసి, పులవడానికి పిడికెడు కల్లు మడ్డి కలిపి, ఆయన కోరిక తీర్చాడట. అప్పటి నుంచి ఆ పని మా ఇంటికి చుట్టుకుంది.

ఆషాఢంలో పండ్లు రాలేవి. ఏ చెట్టు పండ్లు ఆ చెట్టువే, కలపకూడదు. ఎర్ర చెల్క నేలలో చెట్టుకు కాసినవి ఒక కుండలో, నల్లరేగడి చెట్టువి ఇంకో కుండలో. గింజలు తీసి, గుడ్డలో వడకట్టి, భాద్రపదంలో పొంగు చల్లారాక జాడీల్లో పోసి, మూతికి గుడ్డ కట్టి, మట్టి మెత్తి, ఊక కుప్పలో పాతిపెట్టేవాడు. కార్తీకం దాకా వాటిని ముట్టేది లేదు. జాడీల్లో పోసేటప్పుడు వేలు ముంచి నా నోట్లో పెట్టేవాడు. ఆడపిల్లవి, నీకెందుకు అని ఒక్కసారి కూడా అనలేదు. నాలుక అంచుల మీద పులుపు, అంగిట్లో వగరు, మింగాక గొంతులో వెచ్చదనం. ఆ మూడూ వరసగా రావాలనేవాడు. ఏదైనా వరస తప్పితే ఆ జాడీ మీద బొగ్గుతో గీత గీసి, ఇంకా పులిసి సిర్కా కావడానికి వదిలేసేవాడు.

"మందు వగరుంటే దాని పక్కన కొవ్వుండాలె బిడ్డా. తియ్యగుంటే కారముండాలె. రెండూ ఒక్కతీరుగుంటే నాలికె పండుకుంటది" అని చెప్పేవాడు. నేను వంట నేర్చుకున్నది అమ్మ దగ్గర కాదు, ఈ మాటల దగ్గర.

జాడీ విప్పే రోజుకు గడీలో ఒక పద్ధతి ఉండేది. చేసినవాడే ముందు తాగాలి. దాంతో పాటు వడ్డించే కూర కూడా వాడే ముందు తినాలి. తిని, వసారా అరుగు మీద స్తంభం నీడ జానెడు జరిగేదాకా అక్కడే కూర్చోవాలి. వాడు బాగానే ఉంటే అప్పుడు దొరలు తాగుతారు. విషం భయంతో మొదలైన పద్ధతి అది. బాపు మాత్రం దాన్ని సన్మానం అనుకునేవాడు. ఎందుకంటే, నీడ జరిగాక దొర అడిగేవాడు, "చెప్పురా, ఇది దేనితోని బాగుంటది?" అని. ఏడాదిలో ఆ ఒక్క రోజు దొర బాపు మాట వినేవాడు. మిగతా రోజులన్నీ బాపే దొర మాట వినాలి.

ఆ ఏడాది సంగతి వేరు. మా అన్న రజాకార్ల కాలంలోనే సంఘంలో కలిశాడు. తర్వాత దళంలోకి పోయాడు. అప్పుడు దొర పట్నం పారిపోయాడు, గడీ పాడుబడింది, బాపు చేసిన మందు మేమే తాగి, చుట్టుపక్కల వాళ్లకు పంచేశాం. పోలీస్ యాక్షన్ జరిగాక రజాకార్లు పోయారు. హమ్మయ్య అనుకునేలోపు దొర తిరిగొచ్చాడు. వెంట పోలీసు క్యాంపును కూడా తెచ్చుకున్నాడు. గడీ ముందు డేరాలు లేచాయి. దళం వాళ్లంతా అడవిలోకి, ఏటి వైపుకు జరిగిపోయారు. ఊరి పొలిమేర దాటాలంటే క్యాంపులో చీటీ రాయించుకోవాలి. దళంలో కొడుకులున్న తండ్రులందరి చేతా వేలిముద్రలు వేయించారు. వానలు పడ్డప్పటి నుంచి కొడుకును చూడలేదని, పొలిమేర దాటలేదని బాపు కూడా వేశాడు.

అది పచ్చి అబద్ధం. భాద్రపదంలో, చేను గుడిసెలో జ్వరంతో పడుకున్నానని ఊరందరికీ చెప్పించి, బాపు ఏటి దాకా పోయి అన్నను చూసొచ్చాడు.

నాకప్పటికి పెళ్లై రెండేళ్లు. అత్తగారిది ఆత్మకూరు, ఏటికి దగ్గరి ఊరే, కానీ మాకు పడమటగా బండి మీద నాలుగు రోజుల దూరం. బతుకమ్మ పండుగకని మా ఇంటాయన నన్ను దింపి వెళ్లాడు. బాటలు బాగాలేక కార్తీకం దాకా నేనిక్కడే ఉండిపోయాను. వచ్చిన మర్నాడు కంది చేనులో బాపు నాకు అన్న సంగతి చెప్పాడు. అన్న సగమైపోయాడని చెప్పాడు. దగ్గుతున్నాడని చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత ఇంకో సంగతి చెప్పాడు. వాగు చెట్టు జాడీకి మట్టి మెత్తకముందు సొరకాయ బుర్రలో కొంచెం మందు పోసుకుని పోయాడట, కొడుకు నోట్లో పోద్దామని. అన్న ఏట్లో వాలుగ చేపను పట్టి నిప్పుల మీద కాల్చాడట. ఉప్పు కూడా లేదట.

"గట్లాంటి జోడి నేను ఏనాడు తినలే బిడ్డా. కొవ్వు కారుతాంది, గీ మందేమో వగరు. నోట్లె రెండు కలిసినంక..." అంటూ ఆగాడు. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన కళ్లలో తడి లేదు, మెరుపుంది. కొడుకు అడవిలో చస్తూ బతుకుతుంటే ఈయనకు నాలుక మీద ధ్యాసేంటని నాకు ఒళ్లు మండింది. పోనీలే అనుకున్నాను. ముసలాయన.

కార్తీకంలో దొర నుంచి కబురొచ్చింది. పోలీసు అధికారికి మందు రుచి చూపించాలట. జాడీలు తెమ్మన్నాడు, వంటకు నన్ను రమ్మన్నాడు.

పొద్దెక్కేసరికి గడీ వసారాలో రెండు కుర్చీలు వేశారు. ఒకదాంట్లో దొర, ఒకదాంట్లో అధికారి. అధికారి ఎక్కడో ఉత్తరాది నుంచి వచ్చినవాడు, తెలుగు రాదు. మనిషి సన్నగా, శుభ్రంగా, ఎప్పుడూ ఏదో వింటున్నట్టు తల ఒక పక్కకు వంచి కూర్చునేవాడు. దొర అతనికి ప్రతి మాటా ఉర్దూలో చెబుతున్నాడు. బాపు కింద గచ్చు మీద గొంతుక్కూర్చున్నాడు, ముందు మూడు జాడీలు. నేను వంటింటికీ వసారాకీ మధ్య తిరుగుతున్నాను. మెట్ల దగ్గర తుపాకులు పట్టుకుని నలుగురు నిలబడ్డారు.

మొదటి జాడీ చెల్క చెట్టుది. బాపు మట్టి కొట్టి, గుడ్డ విప్పి, లోటాలో పోసుకుని తాగాడు. నేను ఉడకబెట్టి పెట్టిన శనగ గుడాలు నాలుగు నోట్లో వేసుకున్నాడు. నీడ జరిగేదాకా కూర్చున్నాం. అధికారి బాపు మొహాన్ని చూస్తున్నాడు, నేను అధికారి చేతుల్ని చూస్తున్నాను. నీడ జానెడు జరిగింది. అధికారి గ్లాసు ఎత్తి ఒక గుటక వేసి, ఇంకో గుటక వేసి, తల ఊపాడు.

రెండోది రేగడి చెట్టుది. చిక్కగా, కొంచెం తీపిగా ఉంది. దానికి తలకాయకూర, మిరియాల ఘాటుతో. అధికారికి అది బాగా నచ్చింది. రొట్టె తుంచి కూరలో అద్దుకుని తిన్నాడు, నవ్వాడు కూడా. దొర మీసం దువ్వుకున్నాడు. బాపు ముఖం వెలిగిపోతోంది. రెండు లోటాల మందు కడుపులో పడింది, పైగా మెచ్చుకోలు. అది చూసి నాకు భయం మొదలైంది. బాపును నేనెరుగుదును.

మూడో జాడీ ముందు పెట్టుకుని బాపు తనంతట తానే మొదలుపెట్టాడు. "ఇది వాగు చెట్టుది దొరా. పాత చెట్టు గాలికి పడిపోతే నేనే మొక్క వెట్టి పెంచిన. గీ ఏడే మొదటి కాపు. ఇంతకుముందు దీని మందు ఎవ్వరు తాగలే."

తాగాడు. నేను యాట మాంసం వేపుడు పెట్టాను. ఒక ముక్క తిన్నాడు. నీడ జరిగింది. వాళ్లూ తాగారు. దొర పెదవి చప్పరించి, "ఇది వేపుడుతోని మంచిగున్నదిరా" అన్నాడు.

ఔను దొరా అంటే అయిపోయేది. ఆ ఒక్క మాట అని ఉంటే ఈ కథే లేదు.

"లేదు దొరా" అన్నాడు బాపు. "బాంచెన్, దీనికి యాట గాదు. ఏటి చేప గావాలె. వాలుగ. నిప్పుల మీద కాలుస్తాంటే కొవ్వు కారాలె. ఉప్పు సుత వద్దు. గప్పుడు జూడాలె దీని రుచి."

చేతిలో గిన్నె ఉంది, దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తెలియలేదు.

దొర వెంటనే పట్టుకోలేదు. నవ్వుతూనే ఆ మాటను ఉర్దూలోకి మార్చాడు. అధికారే గ్లాసు కింద పెట్టాడు. తల పక్కకు వంచి దొరతో రెండు ముక్కలు మాట్లాడాడు. దొర నవ్వు ఆగిపోయింది. మెల్లగా అడిగాడు.

"ఈ చెట్టు మందు ఇంతకుముందు ఎవ్వరు తాగలేదంటివి. మరి ఏటి చేపతోని ఎట్లుంటదో నీకెట్ల ఎరుకరా?"

అప్పుడు తెలిసింది బాపుకు తనేం చేశాడో. మెట్ల దగ్గరున్న వాళ్లలో ఒకడు తుపాకీ భుజం మార్చుకున్నాడు. బాపు నా వైపు చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గిట్టదు. చిన్నపిల్లాడు కుండ పగలగొట్టి తల్లి వైపు చూసినట్టు చూశాడు.

"నేను తెచ్చిన దొరా" అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. గిన్నె కింద పెట్టి కొంగు సర్దుకున్నాను. "నాది ఆత్మకూరు, ఏటికి దగ్గర. పండుగకు వచ్చేటప్పుడు చేపను పొగబెట్టి ఎండవెట్టి తెచ్చిన. బాపు జాడీకి మూత వెడ్తుండె గప్పుడు. నిప్పుల మీద కాల్చి పెట్టిన, జర మందుతోని తిన్నడు. తమరు జాడీ ముట్టకముందే తాగిండని కోపం జేస్తరని దాస్తున్నడు దొరా. బాంచెన్, తప్పు నాది."

అంత తేలిగ్గా అబద్ధం వస్తుందని నాకే తెలియదు. దొర నమ్మాడనిపించింది. అధికారి మాత్రం జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. నా పెనిమిటి పేరు అడిగారు. ఇల్లెక్కడ అని అడిగారు. ఇంటి ముందు ఏముంటుందని కూడా అడిగారు. అన్నీ చెప్పాను. ఆత్మకూరు వైపు క్యాంపుకు మనిషిని పంపుతామని, జవాబు వచ్చేదాకా ఇద్దరూ గడీలోనే ఉండాలని దొర చెప్పాడు.

బాపును ఎడ్ల కొట్టంలో కట్టేశారు, నన్ను పక్కనే ధాన్యం అరలో ఉంచారు. మధ్యన చెక్క గోడ. సందుల్లోంచి ఆయన దగ్గు వినపడేది.

"తప్పయింది బిడ్డా" అన్నాడు ఆ సాయంత్రం.

"నోరు ముయ్యి బాపూ" అన్నాను. "ఇప్పుడన్న ముయ్యి."

నాకు దొర మీద అంత కోపం లేదు. అతను దొర, అతని పని అది. నా కోపమంతా బాపు మీదే. కొడుకు ప్రాణం కన్నా ఒక జాడీ మందు గురించి ఉన్న మాట చెప్పడం ఎక్కువైందా? పులుపో వగరో ఎవడికి కావాలి? ఆ గోడ లేకుంటే కన్నతండ్రిని కొట్టేదాన్నేమో.

కొంతసేపటికి బాపే మళ్లీ అడిగాడు. "అల్లునికి తెలుసా బిడ్డా, నువ్వు చేప తెచ్చినవని?"

"ఎట్ల తెలుస్తది? నేను తెచ్చిన్నా ఏంది?"

"మరి వాళ్లు పోయి అడిగితే?"

అప్పటిదాకా నేను ఆ దారిలో ఆలోచించలేదు. అన్న వైపు పోకుండా వాళ్లను ఇంకెటో తిప్పాలి, అంతే నా బుర్రలో ఉన్నది. ఎటు తిప్పానో ఇప్పుడు కనపడింది. పైగా మా అత్తకు చేప వాసన గిట్టదు. పక్కనే ఏరున్నా ఆ ఇంట్లో చేప వండరు. గడప లోపలికే రానివ్వరు. మా ఇంటాయన ఉన్నది ఉన్నట్టు ఒక్క మాట చెబితే చాలు, మా ఇంట్లో చేప ఎక్కడిదంటాడు, అంతా అయిపోతుంది. వాళ్లు నేరుగా ఏటి వైపు పోతారు. అన్నను చంపేస్తారు. ఆ సంగతి బాపుకు చెప్పలేదు.

పదకొండు రోజులు ఉన్నాం. తలుపు చప్పుడైనప్పుడల్లా జవాబు వచ్చిందనుకునేదాన్ని. తిండి పెట్టేవారు, తినబుద్ధయ్యేది కాదు. గోడ అవతల నుంచి బాపు తిన్నవా బిడ్డా అని అడిగేవాడు, తిన్న అనేదాన్ని.

పన్నెండో రోజు పొద్దున దొర మనిషి వచ్చి గొళ్లెం తీశాడు. "పోండ్రి. మీ మాట నిజమేనంట" అన్నాడు. నేను ఆ అర గడప దాటకుండానే ఆగిపోయాను. నిజం ఎట్లా అయింది? మా ఇంటాయన ఏం చెప్పాడు? ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు.

మరో ఆరు రోజులకు మా ఇంటాయన బండి కట్టుకుని వచ్చాడు. బండి దిగేటప్పుడు కుడిచేతికి పాత ధోవతి గుడ్డ చుట్టి ఉంది. మోచేతి దాకా వాపు. నేను నీళ్లిచ్చాను, ఎడమ చేత్తో తీసుకున్నాడు. బాపు ఆ చెయ్యి చూసి ఇంట్లోకి రాకుండా గడప అవతలే కూర్చుండిపోయాడు.

మా ఇంటాయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు తనే చెప్పాడు.

"జవాన్లొచ్చి తీస్కపోయిన్రు. నీ పెండ్లాం తల్లిగారింటికి పోయేటప్పుడు ఏమేం తీస్కపోయిందో చెప్పుమన్నరు. ఎందుకడుగుతున్నరో నాకేం తెలుసు? చీరలన్న. ఇంకా అన్నరు. నువ్వులన్న. ఇంకా అన్నరు. అన్నప్పుడల్లా వేళ్ల మీద ఒక దెబ్బ. పల్లికాయ, బెల్లం, ఎండు మిరపకాయ. ఇంకా అనుడే. నువ్వేదో చెప్పుంటవ్, గది నా నోట్లెకెల్లి రావాలె అని సమజైంది. ఏందో మాత్రం తెల్వది. ఇంట్ల ఉన్నయన్ని చెప్పిన, అయిపోయినయి. ఇగ ఊర్లె దొరికేటియి చెప్పుడు వెట్టిన. కుండలన్న, గాజులన్న, గొంగడన్న. ఆఖరికి ఎండు చేప అన్న. అంతే, కట్టె కింద వెట్టిన్రు."

నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. అతను నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"చేప ఎవరి కోసం?" అని అడిగాడు.

అప్పుడు అంతా చెప్పాను. అన్న ఉన్న చోటు, బాపు పోయి రావడం, వాలుగ, మూడో జాడీ, నేనాడిన అబద్ధం. అతను వింటూ ఎడమ చేత్తో కుడిచేతి కట్టును సరిచేసుకుంటున్నాడు.

"మీ అన్న పాణంతోని ఉన్నడా?"

"ఉన్నడు."

"గట్లయితే సరే" అన్నాడు. నవ్వబోయి, "చేప జర ముందుగాల యాదికొచ్చుంటే రెండు వేళ్లన్న మిగులుతుండె" అన్నాడు.

మా అన్నను బతికించుకోవడానికి నేను ఈ మనిషిని అడగకుండా వాడేసుకున్నాను. అది తప్పని నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. మళ్లీ ఆ వసారాలో నిలబెడితే మళ్లీ అదే చేస్తాను, అదీ తెలుసు. మన్నించమని అడగలేదు.

అన్నం పెట్టాను. ఎడమ చేత్తో కలుపుకోబోయాడు. ముద్ద నోటిదాకా పోకముందే పళ్లెంలోకి జారిపోయింది. రెండోసారీ జారింది. నేను పళ్లెం నా ముందుకు లాక్కుని, కలిపి, ముద్ద అతని నోటికి అందించాను. కళ్లు దించుకుని తిన్నాడు.